పదకొండడుగుల నాలుగంగుళాలు

నేను ఒక వెదురు గెడను. పొడవు పద్నాలుగడుగులు, కణుపులు పదకొండు, లావు మగవాడి గుప్పిటకు సరిగ్గా అమరేంత. నిలబడటానికి పుట్టినదాన్ని తొంభై ఏళ్ళుగా పడుకునే ఉన్నాను. మొదట గోడకు కొట్టిన రెండు కొక్కేల మీద, తర్వాత ఈ గాజు పెట్టెలో. నా కింద ఇత్తడి రేకు ఒకటి బిగించారు. దాని మీద ఇలా ఉంది: "గంధవరం సంస్థానము శ్రీ రాజా విజయగోపాలరాజు గారు ఢిల్లీ అంతర్జాతీయ క్రీడలయందు ఈ గెడతో పది అడుగుల తొమ్మిది అంగుళములు లంఘించి పతక విజేతలైరి."

చూడవచ్చినవాళ్ళు ఆ రేకు చదివి, నోరు తెరిచి, ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. అందులో పచ్చి అబద్ధమేమీ లేదు లెండి. పది అడుగుల తొమ్మిది అంగుళాలు నిజం. గెడను నేనే. ఇక విజేత మాటంటారా, ఆ రోజు గెడ పట్టినవాళ్ళు నలుగురు, రాజుగారిది మూడో స్థానం. మనుషులు అబద్ధమాడకుండా అబద్ధం చెప్పగలరని నేను నేర్చుకున్నది ఈ రేకు దగ్గరే. దాని మీద లేని పేరు ఒకటుంది. అది గవరయ్య. అతని కథ చెప్పకపోతే నా కథ లేదు.

గవరయ్య మేదరవాడు. ధవళేశ్వరం దిగువన గోదావరి లంకల్లో అతని ఇల్లు. భార్య పోలమ్మ చేటలూ తట్టలూ అల్లేది, అతను కొండలకు వెళ్ళి వెదురు తెచ్చేవాడు. తెప్పల మీద కొట్టుకొచ్చిన వెదురు రేవులో కొనుక్కోవచ్చు, అందరూ అదే చేసేవాళ్ళు. అతను మాత్రం ఏటా మాఘమాసంలో మన్యం ఎక్కి, పొదపొదకూ తిరిగి, వేళ్ళతో కొట్టి చప్పుడు విని ఏరుకునేవాడు. అలా నన్ను ఏరుకున్నాడు. ఏరుకుని కూడా వెంటనే కొయ్యలేదు. అప్పుడు వెన్నెల రోజులు. చంద్రుడు పెరిగే పక్షంలో వెదురులో తీపి నిండి ఉంటుందనీ, అప్పుడు కోస్తే పురుగు పడుతుందనీ మేదర్ల నమ్మకం. కొండకింద పన్నెండు రోజులు గంజి తాగి పడుకుని, అమావాస్యకు మూడు రోజులుందనగా వచ్చి నన్ను కోశాడు.

"దీనికి పురుగు పట్టదు. నేను పోయినా ఇది పోదు," అన్నాడు నన్ను నిమురుతూ. ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయే వీలు కూడా అతను నాకు ఇవ్వలేదు.

ఇంటికి తెచ్చాక నన్ను ఏట్లో నానేసి, పొగలో ఆరేసి, వంకర ఉన్నచోట నిప్పు సెగ చూపి మోకాలితో అదిమి సాపు చేశాడు. ఎంత సాపు చేసినా ప్రతి వెదురుకూ ఒక వీపు, ఒక పొట్ట ఉంటాయి. వీపు పైకి ఉంటే బరువుకు వంగి తిరిగి లేస్తుంది, పొట్ట పైకి ఉంటే విరుగుతుంది. కంటికి అది కనపడదు. గవరయ్యకు చేతికి తెలిసేది. నా వీపు మీద, పైనుంచి మూడో కణుపు దగ్గర, కాల్చిన ఇనప చువ్వతో మూడు చుక్కలు పెట్టాడు.

"చేటలకి బద్దల్లేక నేను చస్తంటే నువ్వు గెడకి బొట్లెడతన్నావా?" అంది పోలమ్మ.

"ఇది చేటకి కాదే. నాకు."

"నీకా! గెంతడానికి కూడా ఓ వెదురు తగలేసుకోవాలా?"

లంకల్లో బతికేవాళ్ళకు గెంతడం ఆట కాదు, దారి. అడుగడుక్కీ మురుగు కాలవలు, పాయలు. గెడ నీళ్ళలో పాతి, దాని మీద ఊగి అవతలి గట్టున దిగడం అక్కడి ఆడవాళ్ళకు కూడా వచ్చు. నేనూ అలాగే పనిచేశాను. వానాకాలంలో పడవలు తోశాను, కూలికి. ఈ కూలి మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఏటా లంక తీర్థంలో కాలవ గెంతే పందెం ఉండేది. ఆ ఏడు గవరయ్య నా మీద ఊగి కాలవే కాదు, అవతలి గట్టున ఉన్న రేగుకంప కూడా దాటి పడ్డాడు. ఊరి మునసబుగారు పొంగిపోయి ఎర్రంచు పంచె ఒకటి అతని భుజాన వేశారు, ఒక పుంజును చేతిలో పెట్టారు. పుంజు ఆ పూటే కూరైపోయింది. పంచె మాత్రం నిలిచింది. ఆ లంకల్లో ఒక కట్టుబాటు ఉంది. సభలో పుచ్చుకున్న బట్ట కట్టుకున్నప్పుడు ఎవరడిగినా ఇచ్చినవారి పేరు చెప్పాలి. చెప్పకపోతే ఇచ్చిన చెయ్యి నరికినట్టే లెక్క. గవరయ్య ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు.

ఆ తీర్థానికి రాజమండ్రి నుంచి ఒక డ్రిల్లు మాస్టారు వచ్చారు. ఆయన పేరు అనంతశయనం గారు. గవరయ్య గెంతుడు చూసి ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టలేదట. మర్నాడు రెండు బొంగులు పాతి, మధ్య అడ్డకర్ర పెట్టి, "అడ్డంగా కాదురా గవరయ్యా, నిలువునా గెంతు," అన్నారు. గవరయ్యకు నవ్వొచ్చింది. అవతల గట్టు లేని చోట గెంతడమెందుకో అతనికి అర్థం కాలేదు. కాని ఒకసారి ఆ కర్ర దాటాక, పైన ఒక్క క్షణం, నన్ను వదిలేసి గాలిలో ఉన్నాడు చూడండి, అప్పుడు అతని మొహం నేను చూశాను. ఆనాటి నుంచి అతనికి మరో కోరిక లేదు. పదిమందీ చూస్తుండగా, ఆ కర్ర ఎంత పైకి పెడితే అంత పైకీ దాటాలి.

ముప్పైలలో, తెల్లదొరల రోజులవి. ఢిల్లీలో కొన్ని దేశాలు కలిసి ఆటల పోటీలు పెడుతున్నాయని పత్రికల్లో పడింది. అచ్చులో వాటికి చాంతాడంత పేరుండేది. మా వాళ్ళు నాలుగు దేశాల పందేలు అనేవాళ్ళు. మనమూ, ఆఫ్గనులూ, సింహళంవాళ్ళూ, పాలస్తీనావాళ్ళూ. పరుగులు, ఈతలు, బంతాటలు, దూకుళ్ళు, అన్నీ ఒకే జాతరలో. మన వైపు జట్టును ఏరడానికి మద్రాసులో పోటీ పెట్టారు. మాస్టారు తన సొంత ఖర్చుతో గవరయ్యనూ నన్నూ రైలెక్కించారు. గవరయ్య ఎర్రంచు పంచె కట్టుకుని బయల్దేరాడు. పెద్దచోటికి వెళ్ళేటప్పుడు కట్టుకోకపోతే ఇంకెప్పుడు కట్టుకుంటాడు?

మద్రాసు మైదానంలోనే గంధవరం చినబాబు విజయగోపాలరాజు గారిని మొదటిసారి చూశాను. ఇరవై రెండేళ్ళవాడు, చూడచక్కనివాడు, చెడ్డవాడు కూడా కాదు. దూకడం నేర్పడానికి ఒక దొర, ఒళ్ళు పట్టడానికి ఒక మనిషి, పొద్దునే ఆరు గుడ్లు, సీమ నుంచి తెప్పించిన మేకుల బూట్లు. పది అడుగుల ఆరంగుళాల దగ్గర అడ్డకర్రను పడేశాడు. గవరయ్య వట్టికాళ్ళతో, పంచె గోచీ బిగించి, పదకొండడుగుల నాలుగంగుళాలు దాటాడు. నేను వంగి లేచినప్పుడు నాలో ప్రతి కణుపూ పలికింది. కొలతబద్దతో రెండుసార్లు కొలిచారు, రెండుసార్లూ అంతే వచ్చింది. మాస్టారు టోపీ తీసి నేలకేసి కొట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

తర్వాత బల్ల దగ్గరికి పిలిచారు. ఏరే సంఘం కార్యదర్శి ఒక కాగితం ఇంగ్లీషులో చదివాడు. మాస్టారు తెలుగులో చెప్పారు. "ఆటలాడి ఎన్నడూ ప్రతిఫలం పుచ్చుకోలేదని రాసి సంతకం పెట్టాలట." అని, గొంతు తగ్గించి, "లేదని చెప్పు గవరయ్యా. ఒక్కమాట. లేదని చెప్పు," అన్నారు.

గవరయ్య తన పంచె వంక చూసుకున్నాడు. "అదెలాగండీ మేష్టారూ? ఒంటిమీదే ఉంటే లేదని ఎలా అంటానండీ?"

"గవరయ్యా..."

"మా మునసబుగారు ఇచ్చారండీ ఇది. నిండు తీర్థంలో భుజానేశారండి. పుంజు కూడా ఇచ్చారండి ఆయ్, బలిసిన పుంజు." కార్యదర్శికి బాగా కనపడాలని పంచె అంచు చేతిలో పట్టుకుని ముందుకు చాచాడు.

కార్యదర్శికి తెలుగు రాదు. కాని పంచె అర్థమైంది. మర్యాదగా కలం మూసేశాడు. ఆడి సంపాదించినవాడు ఈ పోటీలకు పనికిరాడట. ఆటను ప్రేమ కోసమే ఆడాలట. మాస్టారు బతిమాలారు, వాదించారు, చివరికి అరిచారు. నిబంధన నిబంధనేనట. చినబాబు ఆరు గుడ్లూ, దొర జీతమూ, సీమ బూట్లూ గంధవరం రైతుల శిస్తులోంచి వచ్చినవే. అది ప్రతిఫలం కాదు. ఒక కోడిపుంజు మాత్రం ప్రతిఫలం.

"నేనేం తప్పు చెప్పానండీ?" అని గవరయ్య మళ్ళీ మళ్ళీ అడిగాడు. మాస్టారు మొహం తిప్పుకున్నారు.

ఇక్కడే మనుషుల తెలివిని మెచ్చుకోవాలి. మనిషిని వద్దని అతని చోటు చినబాబుకిచ్చారు గాని, గెడ బ్రహ్మాండంగా ఉందన్నారు. చినబాబు నన్ను పట్టుకుని ఊపి చూసి, దొర చెవిలో ఏదో అన్నాడు. అలా నేను ఎంపికయ్యాను. పడవలు తోసి కూలి సంపాదించిన గెడను! నన్నెవరూ సంతకం పెట్టమనలేదు. సొమ్మొకడిది, సోకొకడిది అంటారు గదా, ఆ సోకు చెయ్యడానికి పనికొచ్చిన సొమ్మును నేనే.

పద్నాలుగడుగుల గెడను రైల్లో తీసుకెళ్ళడం అందరికీ చేతకాదు. అందుకని గవరయ్యను సామాను మనిషిగా ఢిల్లీ రమ్మన్నారు. మాస్టారు వద్దన్నారు. "అంత సిగ్గుమాలిన పని నువ్వెందుకు చెయ్యాలిరా?" అన్నారు. గవరయ్య వెళ్ళాడు. అక్కడికి వెళ్ళాక ఎవరో ఒకరు, పెద్దమనసున్నవాళ్ళు, నువ్వూ ఒకసారి గెంతవోయ్ అంటారని అతని ఆశ. పంచె మడిచి, వాడకుండా, మూటలో పెట్టుకున్నాడు. రైలుపెట్టె కిటికీల పక్కన బయటివైపు నన్ను తాళ్ళతో కట్టి, ప్రతి స్టేషన్లోనూ దిగి ముడులు చూసుకుంటూ మూడు రోజులు ప్రయాణం చేశాడు.

ఢిల్లీలో చలికి నా చర్మం బిగిసింది. కొత్తగా కట్టిన మైదానం, జెండాలు, బ్యాండు మేళం, గొడుగుల కింద దొరసానులు. ఆఫ్గన్లు ఎత్తుగా, బిగ్గరగా నవ్వుతూ ఉండేవారు. సింహళంవాళ్ళు చలికి దుప్పట్లు కప్పుకునే పరుగు మొదలుపెట్టే చోటికి వచ్చేవారు. నాలుగు దేశాలవాళ్ళు ఒకరి భాష ఒకరికి తెలియకుండా చేతులు కలుపుకోవడం చూస్తే నాకు నిజంగానే ముచ్చటేసింది. అంతమందిలో ఒక్కడికి చోటు లేకపోవడమే నాకు మింగుడుపడలేదు.

పందెం రోజున, మధ్యాహ్నం ఎండలో, చినబాబు ఊరికే చెయ్యి సాపు చేసుకోవడానికి నన్ను తీసుకున్నాడు. మూడు చుక్కలు కిందికి ఉన్నాయి. నా పొట్ట పైకి ఉంది. గుంటలో నన్ను పాతి లేవగానే ఏడో కణుపు దగ్గర సన్నగా కిర్రుమంది. అతను దిగి, ఏమీ గమనించకుండా, మళ్ళీ పరుగుకు వెనక్కి నడిచాడు. అడ్డకర్రను పది అడుగులకు ఎత్తారు.

మైదానం అంచున సామాను పక్కన కూచున్న గవరయ్యకు ఆ కిర్రు వినపడింది. ఇంకొక్క గెంతు చాలు. నేను విరుగుతాను, చినబాబు పడతాడు, మెడో కాలో పోతుంది. గవరయ్య కదలకుండా కూచుంటే చాలు, ఎవరూ అతన్ని తప్పు పట్టరు. నేను చెప్తున్నాను, దాచుకోవడమెందుకు, నేను విరగాలనే కోరుకున్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారా? తొంభై ఏళ్ళయింది, ఆ దురద ఇంకా తగ్గలేదు.

గవరయ్య లేచాడు. మేకుల బూట్లవాళ్ళ మధ్య వట్టికాళ్ళతో అడ్డంగా పరిగెత్తాడు. "బాబుగారండీ! ఆగండి! తిప్పి పట్టుకోండి!" ఎవరో అధికారి అతని రెక్క పట్టుకుని లాగాడు. లాగుతుండగానే అరిచాడు. "చుక్కలు పైకండీ! మూడు చుక్కలు పైకి! లేపోతే ఇరిగిపోద్దండీ!"

చినబాబు ఆగాడు. నన్ను తిప్పాడు. పది దాటాడు, పదిన్నర దాటాడు, జన్మలో ఎన్నడూ దాటని పది అడుగుల తొమ్మిదంగుళాలు దాటాడు. తర్వాత కర్ర పడింది. మొదటివాడు దాటింది పదకొండడుగులు. మళ్ళీ చెప్తాను, పదకొండడుగులు. గవరయ్య అప్పటికి మైదానం బయట, కంచె అవతల ఉన్నాడు. లోపలికి అక్రమంగా వచ్చాడని గెంటేశారు. కంచె సందులోంచి కర్రను చూసి, వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. మడిచిన పంచె మడిచినట్టే తిరిగొచ్చింది.

రాజమండ్రి స్టేషన్లో చినబాబుకు పూలదండలు, ఊరేగింపు. నన్ను కారు మీద కట్టి తీసుకెళ్ళారు. మర్నాడు గవరయ్య దివాణానికి వచ్చి నన్ను ఇమ్మని అడిగాడు. చినబాబు మొహమాటపడ్డాడు. "ఇది నాకు గుర్తుగా ఉండనీ గవరయ్యా. నువ్వు చెప్పకపోతే నేను ఆ రోజు ఏమయ్యేవాణ్ణో. ఇంకేమైనా కోరుకో," అన్నాడు.

గవరయ్య తల గోక్కున్నాడు. "అయితే ఉంచుకోండి బాబూ. నేను పోయినప్పుడు మాత్రం ఇప్పించండి. నడిమికి కోస్తే పాడెకి రెండు పక్కలా సరిగ్గా సరిపోద్దండి. పైకెత్తింది ఇదే గదండీ, మోసేది కూడా ఇదే అయితే బాగుంటుందని."

చినబాబు నవ్వి, "అలాగే లేవోయ్," అని మాటిచ్చాడు. ఆ మాట ఇచ్చినప్పుడు అతను నిజంగానే ఇచ్చాడనుకుంటాను.

ఆ పందేలు నాలుగేళ్ళకోసారి ఊరు మార్చి జరుగుతాయన్నారు. మళ్ళీ జరగలేదు. గొడవలొచ్చాయి, యుద్ధమొచ్చింది, ఆ జెండాల్లో కొన్ని మారాయి, పోటీల పేరే జనం మరిచిపోయారు. మళ్ళీ జరిగి ఉంటే చినబాబు ఎత్తును ఎవరో దాటేవారు, నన్నూ అటకెక్కించేవారు. ఒక్కసారే జరగడం వల్ల ఆ మూడో స్థానం ఈ జిల్లాలో శాశ్వతమైపోయింది. మద్రాసులో రెండుసార్లు కొలిచిన కొలత మాత్రం ఏ కాగితంలోనూ లేదు. మాస్టారు పోయాక ఆ అంకెను తలుచుకునేవాళ్ళు ముగ్గురే మిగిలారు. గవరయ్య, పోలమ్మ, నేను.

ఏటా వానలకు ముందు గవరయ్య దివాణం పెరటి గుమ్మంలోంచి వచ్చి, హాల్లో గోడ మీదున్న నాకు ఆముదం రాసేవాడు. కింద కొత్తగా ఇత్తడి రేకు పెట్టిన ఏడు దివాణం గుమస్తాను అడిగాడు. "ఏం రాశారు బాబూ ఇక్కడ?" గవరయ్యకు చదువు రాదు.

గుమస్తా రేకు వంక చూసి, చూపు తిప్పుకున్నాడు. "నీ గెడ గొప్పదని రాశారు గవరయ్యా."

"ఆయ్!" అని మురిసిపోయాడు. రేకు మీది అక్షరాలకు కూడా కాస్త ఆముదం రాసి, తళతళలాడేలా తుడిచి వెళ్ళాడు. ఆ తర్వాత ఏటా అలాగే తుడిచేవాడు. అతను తుడుస్తుంటే నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

అలా దాదాపు ముప్పై ఏళ్ళు గడిచాయి. ఒక వానాకాలం పొద్దున పోలమ్మ హాల్లోకి వచ్చింది. వెంట ఇద్దరు మేదర్లు గుమ్మం బయటే నిలబడ్డారు. చినబాబు అప్పటికి పెదరాజావారు, పడక కుర్చీలో ఉన్నారు. పక్కన కొడుకు పత్రిక చదువుకుంటున్నాడు.

"ఆయన తెల్లారగట్ట పోయారు బాబూ," అంది పోలమ్మ. ఏడవలేదు. నా వైపు చూపించింది. "గెడ ఇప్పిస్తారని చెప్పారు. తమరు మాటిచ్చారంట."

రాజావారు నా వైపు చూశారు. కళ్ళు చెమర్చాయి, అది నేను చూశాను. లేవబోయారు కూడా. కొడుకు పత్రిక దించాడు. "అదేమిటి నాన్నగారూ, ఆదివారం కలెక్టరుగారు చూడ్డానికి వస్తున్నారు గదా. అయినా పాడెకు ఇదే కావాలా? ఏ వెదురైనా వెదురే."

రాజావారు మళ్ళీ కూచున్నారు. నా వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ, "తోటలో మంచి వెదుళ్ళు ఉన్నాయి పోలమ్మా. ఇప్పుడే రెండు కొట్టిస్తాను. దీనికంటే లావైనవి," అన్నారు.

పోలమ్మ అలాగే నిలబడింది. "మేదరింట్లో వెదురుకి కరువాండీ?" అంది. "మేం వెదురు కోసం రాలేదు బాబూ."

ఆమె నా దగ్గరికి వచ్చి, తడి చేత్తో మూడు చుక్కలూ తడిమి చూసింది. చుక్కలు గోడ వైపు ఉన్నాయి, వేళ్ళు వెనక్కి పోనిచ్చి వెతికింది. తర్వాత వెళ్ళిపోయింది. పదకొండడుగుల నాలుగంగుళాలు ఎత్తిన నన్ను గోడకు వదిలి, అతన్ని వేరే ఏవో రెండు వెదుళ్ళు మోశాయి. అవి ఏ పక్షంలో కోసినవో నాకు తెలియదు.

రాజావారు ఆ ఏడే నాకు గాజు పెట్టె చేయించారు, ఆముదం రాసే మనిషి ఇక లేడని.

నాతోపాటు ఈ ఇంట్లోకి వచ్చిన చెక్క సామానంతా చెదలు తినేసింది. రాజావారి పడక కుర్చీ పొడి పొడి అయిపోయింది. నాకు మాత్రం ఏమీ కాదు. గాజు అవతల రేకు మీది మాటలు పిల్లలు గట్టిగా చదువుతుంటే నేను రోజూ వింటాను. ఒక్క పురుగు వచ్చినా బాగుండునని ఎదురుచూస్తాను. దీనికి పురుగు పట్టదు, నేను పోయినా ఇది పోదు అన్నాడు గవరయ్య, నన్ను కోసిన రోజున. పన్నెండు రోజులు గంజి తాగి, చీకటి పక్షం చూసి మరీ కోశాడు. పట్టలేదు.